గిన్నెకు నూట ఇరవై

తూనికలూ కొలతల ఆఫీసులో పనిచేసే ఆయన్ని బజారంతా తూకాలాయన అనేది. ఎదురుపడితే మాత్రం సారు. ఆయన స్కూటరు వీధి మలుపు తిరిగిందంటే చాలు, కొట్లవాళ్ళు కాటా పళ్ళెం కింద ఏమైనా అంటుకుని ఉందేమోనని ఒకసారి తడిమి చూసుకునేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేసింది అదే పని. తూకంరాళ్ళ పెట్టె పట్టుకుని కొట్టు కొట్టుకీ వెళ్ళడం, కాటా సరిచూడడం, సరిగ్గా ఉంటే తీగ చుట్టి, సీసం బిళ్ళ తగిలించి, పట్టకారుతో నొక్కి ముద్ర వేయడం. ప్యాకెట్లు కూడా తూచేవాడు. పైన కిలో అని రాసి లోపల తొమ్మిదివందల అరవై గ్రాములు ఉందంటే ఆ ప్యాకెట్ తయారుచేసినవాడికి మూడినట్టే.

"అచ్చువేసిన అంకెకి విలువ ఉండాలి. దాన్ని నమ్మే కదా జనం కొంటారు" అనేవాడు. ఆ మాట ఆయన నోటివెంట ఎన్నిసార్లు వచ్చిందో ఆయన భార్యకి తెలుసు. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే ఆ ఇల్లాలు పొద్దున్నే ఎనిమిదింటికి బయల్దేరేది. ఇంట్లో పగలంతా మిగిలేది ఆయన అక్క ఒక్కతే.

అక్క ఆయనకంటే పదకొండేళ్ళు పెద్దది. నూలు మిల్లులో ముప్పై ఏళ్ళపాటు నిలబడి తెగిన దారాలు అతికింది. తండ్రి పోయాక తమ్ముణ్ణి చదివించింది ఆ నిలబడడమే. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "వీడి చదువు కానివ్వండి" అనేది. వాడి చదువు అయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళు లేకుండా పోయారు. రిటైరయ్యాక తమ్ముడింటికే వచ్చేసింది. పెద్ద నోరు, పెద్ద నవ్వు. మోకాళ్ళు మాత్రం రెండూ అరిగి కర్ర పట్టుకుని నడిచేది, మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి పీతలాగా ఒక్కొక్కటే దిగేది. దిగుతూ తన మీద తనే జోకులు వేసుకునేది.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫొటోలు చూసి తేల్చేశాడు. "మోకాళ్ళు మార్చేద్దామమ్మా, భయపడాల్సిందేం లేదు. కానీ ఈ బరువు మీద నేను కత్తి పట్టను. తొంభై రెండున్నారు. ఎనభై అయిదుకి రండి, ఆ వారంలోనే చేసేస్తాను." మూడు నెలల తర్వాతి తేదీ ఒకటి పెన్సిలుతో రాసిపెట్టాడు. పక్క గదిలో ఆహారం సంగతి చూసే అమ్మాయి ఒక కాగితం ఇచ్చింది. రోజుకి పద్నాలుగు వందల క్యాలరీలు, అంతకు మించకూడదు.

తమ్ముడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, "నాకొదిలెయ్ అక్కా" అన్నాడు.

నిజంగానే ఆ పని భుజాన వేసుకున్నాడు. ఆఫీసులో సరిచూసిన కాటా ఒకటి తెచ్చి అక్క గదిలో పెట్టాడు. గీతల నోటుబుక్కు ఒకటి కొన్నాడు. మధ్యాహ్నం భోజనం ఆసుపత్రి కాగితం ప్రకారం భార్య పొద్దున్నే వండి పెట్టేది. పొద్దున టిఫినుకీ, సాయంత్రం టీకీ, రాత్రికీ మాత్రం ప్యాకెట్లే మంచిదని ఆయనే నిర్ణయించాడు. "ఇంట్లో చేసిందాంట్లో ఎంత నూనె పడిందో ఎవడికి తెలుసు? ప్యాకెట్ మీదయితే అంకె ఉంటుంది."

పొద్దున మ్యూస్లీ. ఆకుపచ్చ డబ్బా మీద పాలలో తేలుతున్న అటుకులు, ఎండుద్రాక్షలతో నిండిన గిన్నె బొమ్మ, పక్కనే పెద్ద అక్షరాల్లో 'గిన్నెకు 120 క్యాలరీలు'. సాయంత్రం చిన్న బిస్కెట్ ప్యాకెట్, దాని మీద 90. రాత్రికి సూపు పొడి ప్యాకెట్, దాని మీద 75. వాటికి తోడు పాలూ, భోజనమూ, ఒక పండూ. కూడితే పద్నాలుగు వందలు గీత గీసినట్టు సరిపోయేది. రోజూ పొద్దున ఆయనే గిన్నె నింపి అక్క ముందు పెట్టి, బుక్కులో రాసుకుని ఆఫీసుకి వెళ్ళేవాడు.

"నూట ఇరవైకి ఇంత వస్తుందా! భలే ఉందిరా నీ వైద్యం, కడుపు మాడ్చకుండా" అనేది అక్క.

ప్రతి ఆదివారం బరువు చూసేవాడు. మొదటి వారం తొంభై రెండు. రెండో వారం తొంభై రెండూ మూడొందల గ్రాములు. మూడో వారం కొంచెం తగ్గి, నాలుగో వారం మళ్ళీ పెరిగింది. ఆయన తూకంరాళ్ళు తెచ్చి కాటాని ఇంకోసారి సరిచూశాడు. గ్రాము తేడా లేదు. బుక్కులో కూడికలు మళ్ళీ చేశాడు. అవీ సరిగ్గానే ఉన్నాయి. కాటా నిజం, అచ్చువేసిన అంకెలు నిజం. ఇక ఆ ఇంట్లో ఆయన ముద్ర పడనిది అక్క ఒక్కతే.

"అక్కా, మధ్యలో ఏమైనా తింటున్నావా?"

"ఏం తింటానురా? మంచినీళ్ళు తాగుతాను."

"కొంచెమైనా..."

"లేదన్నాను కదా."

ఆరో వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఆయన చెప్పకుండా ఇంటికొచ్చాడు. కొట్ల మీదికి వెళ్ళేటప్పుడూ అంతే, వస్తున్నట్టు చెబితే ఇక తనిఖీ ఎందుకు? అక్క మంచం మీద కూర్చుని ఎదురింటి టైలరమ్మతో కబుర్లు చెబుతోంది. టైలరమ్మ పని లేనప్పుడు ఇటు రావడం, పని ఉన్నప్పుడు అక్క అటు వెళ్ళి సూదుల్లోకి దారం ఎక్కించి పెట్టడం వాళ్ళిద్దరికీ అలవాటు.

"ఒక్క నిమిషం లే అక్కా" అన్నాడాయన.

ఏమిటో అనుకుని గోడ పట్టుకుని లేచిందావిడ. ఆయన పరుపు ఎత్తి చూశాడు. దిండు గలీబు విప్పాడు. మంచం కింద ట్రంకుపెట్టె లాగి, మడతపెట్టిన చీరల మధ్య చెయ్యి పెట్టి తడిమాడు. చివరికి చేతిసంచి తీసి మంచం మీద బోర్లించాడు. కళ్ళజోడు పెట్టె, నొప్పులకి రాసుకునే మందు, దువ్వెన, మిల్లువాళ్ళు ఇచ్చిన పాత గుర్తింపు కార్డు పడ్డాయి. తినేది ఒక్కటి కూడా లేదు.

టైలరమ్మ లేచి నిలబడింది. "నేను మళ్ళీ వస్తానక్కయ్యా" అని ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది.

అక్క ఇంకా గోడ పట్టుకునే ఉంది. "ఇంకేమైనా చూడాలా?" అంది. "జడ కూడా విప్పమంటావా?"

"నీ మంచికే అక్కా."

ఏమీ దొరకలేదు కదా అని ఆయన అనుమానం తగ్గలేదు, ఇంకా బిగుసుకుంది. ఏమీ దొరకని కొట్లోనే పెద్ద మోసం ఉంటుందని ఆయన అనుభవం. ఆ సాయంత్రమే వంటింట్లో తినే వస్తువులుండే అల్మరా పిడులకి తీగ చుట్టి, సీసం బిళ్ళ తగిలించి, పట్టకారుతో నొక్కాడు.

భార్య షాపు నుంచి వచ్చి చూసి నిర్ఘాంతపోయింది. "ఏమండీ, ఇది ఇల్లనుకున్నారా, కొట్టనుకున్నారా?"

"కాటా అబద్ధం చెప్పదు."

"వదిన చెబుతుందా మరి అబద్ధం?"

"అంటే నేను చెబుతున్నానా?"

ఆవిడ ఇంకో మాట అనబోయి ఆపేసుకుంది. అప్పుడే వంటింటి గుమ్మంలోకి వచ్చిన ఆడపడుచు ఆ సీలుని చూస్తూ నిలబడింది. ఆవిడ మొహం చూడలేక ఇల్లాలు గరిటె కడగడం మొదలుపెట్టింది, అది కడిగిన గరిటే అయినా.

రోజూ రెండు పూటలా ఆయనే సీలు కోసి, కావలసింది తీసి, మళ్ళీ కొత్త సీలు వేసేవాడు. అయినా ఏడో ఆదివారం కాటా తొంభై రెండూ ఆరొందలు చూపించింది.

"ఎక్కడ తింటున్నావు అక్కా? ఎదురింట్లోనా?"

అక్క కాటా మీదే నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడకి ఆనించుకుంది. మరదలు గుమ్మం దగ్గర ఉంది.

"చెప్పక్కా. నిన్నేమీ అనను. తెలిస్తే దానికి తగ్గట్టు లెక్క మార్చుకుంటాను, అంతే."

ఆవిడ బరువు రెండో కాలి మీదికి మార్చుకుంది. తర్వాత, "అవున్రా, తిన్నాను. ఇక దిగనా? మోకాలు లాగుతోంది" అంది.

"ఏం తిన్నావు?"

"ఏదో తిన్నాను."

"ఏదో అంటే?"

"బిస్కెట్లు."

"ఎన్ని?"

ఆవిడ ఆలోచించింది. ఎన్నంటే ఈ తమ్ముడు వదిలేస్తాడో ఆలోచించింది. "నాలుగు."

ఆయన బుక్కులో రాసుకున్నాడు: 'బయట తిన్నవి, బిస్కెట్లు నాలుగు. ఒప్పుకుంది.' రాసి, ఎన్నాళ్ళనుంచో తేలని కేసు తేలినట్టు గాలి పీల్చుకున్నాడు. ఆ సాయంత్రమే టైలరమ్మకి కబురు పంపాడు, మా అక్కకి దయచేసి ఏమీ పెట్టకండి, కొన్నాళ్ళు రానివ్వకపోతే ఇంకా మంచిదని.

తర్వాతి వారం డాక్టరు బరువు చూసి పెదవి విరిచాడు. పెన్సిలుతో రాసిన తేదీ రబ్బరుతో చెరిపి ఇంకెవరికో ఇచ్చేశాడు. "ఇంకో మూడు నెలలు చూద్దాం. నోరు కట్టుకోవాలమ్మా మీరు." అక్క తల ఊపింది. తిరిగొచ్చేటప్పుడు ఆసుపత్రి మెట్లు పక్కకి తిరిగి దిగింది గానీ జోకు వేయలేదు.

అది జరిగిన నాలుగో రోజున ఆయన ఒక పెద్ద దుకాణం తనిఖీకి వెళ్ళాడు. ఆహార శాఖ నుంచి ఒక ఆఫీసరమ్మ కూడా వచ్చింది. చిన్న వయసు, చురుకైన మనిషి. ఆయన ప్యాకెట్ల బరువు చూస్తుంటే ఆవిడ వెనకవైపు చిన్న అక్షరాలు చదువుతోంది. ఆయన చేతికి ఆ ఆకుపచ్చ డబ్బాయే వచ్చింది. తూచాడు. నాలుగు వందల గ్రాములు, సరిగ్గా ఉంది. పక్కన పెట్టబోతుంటే ఆవిడ అందుకుంది.

"ఈ తెలివి చూశారా సార్. గిన్నెకు నూట ఇరవై అని ఎంత లావు అక్షరాలో. ఏ గిన్నె? ఎవరి గిన్నె? వెనకాల చూడండి, ఒక సర్వింగ్ అంటే ముప్పై గ్రాములట. ముప్పై గ్రాములంటే గుప్పెడు. బొమ్మలో గిన్నేమో అంచుదాకా ఉంది."

"ముప్పై గ్రాములా?" అన్నాడాయన.

"ఇదుగో, ఇక్కడ." గోరంత అక్షరాల మీద వేలు పెట్టింది. "ఆ సూపు పొడి కూడా అంతే. డెబ్భై అయిదు అంటే కప్పుకి. ప్యాకెట్లో నాలుగు కప్పులు. మా నాన్న ప్యాకెట్ మొత్తం తాగేసి డెబ్భై అయిదే కదా అనేవాడు. మీరెప్పుడూ గమనించలేదా?"

"అది... మా శాఖ కాదండీ."

"రాశారు కాబట్టి పట్టుకోవడానికి మాకూ వీల్లేదు లెండి. చదవనిది మనదే తప్పంటారు."

ఆయన డబ్బా తిప్పి చూశాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి డబ్బాలు కొన్ని వేలు ఆయన చేతుల మీదుగా పోయాయి. నికర బరువు రాసిన మూల తప్ప ఇంకేదీ చూడలేదు. తల తిరుగుతోందని చెప్పి సగంలోనే బయటికొచ్చేశాడు. స్కూటరు రెండుసార్లు స్టార్టు కాకుండా ఆగిపోయింది, తాళం పెట్టడం మర్చిపోయాడు.

ఇంట్లో అక్క పడుకుని ఉంది. ఆయన చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్ళి అల్మరా సీలు కోశాడు. రోజూ అక్కకి పెట్టే గిన్నె తీసి, రోజూ పోసినట్టే మ్యూస్లీ పోసి, బంగారం కొట్లలో వాడే చిన్న కాటా మీద పెట్టాడు. గిన్నె బరువు పోను డెబ్భై అయిదు గ్రాములు. మూడు వందల క్యాలరీలు. బిస్కెట్ ప్యాకెట్ తిప్పాడు. సర్వింగ్ అంటే రెండు బిస్కెట్లు, ప్యాకెట్లో ఎనిమిది. తొంభై కాదు, మూడు వందల అరవై. సూపు డెబ్భై అయిదు కాదు, మూడు వందలు. కాగితం మీద కూడి, బుక్కులో రాసినదాన్ని తీసేశాడు. రోజుకి ఆరు వందల డెబ్భై అయిదు ఎక్కువ. బరువు తగ్గకపోవడానికి అది చాలు. ఏ ఎదురింటి బిస్కెట్లూ అక్కర్లేదు.

అంత తిండీ పెట్టింది తనే. రోజూ తన చేత్తో పెట్టి, తిన్నావని ఆవిడ పరుపు ఎత్తి చూశాడు.

ఎంతసేపలా కూర్చున్నాడో తెలీదు. వెనక నుంచి కర్ర చప్పుడైంది.

"ఏరా, ఈ వేళప్పుడు వచ్చావేం? మళ్ళీ తనిఖీయా?"

ఆయన తిరిగి చూసేసరికి అక్క తన గదిలోకి వెళ్తోంది. నిమిషం తర్వాత చేతిసంచి తెచ్చి, జిప్పు తీసి, ఆయన ముందు పెట్టింది. కోపంగా కాదు. రైల్లో టిక్కెట్టు అడిగితే చూపించినట్టు మామూలుగా.

"వద్దక్కా" అన్నాడు. సంచి జిప్పు మళ్ళీ వేసేశాడు. "తలనొప్పిగా ఉంటే వచ్చాను."

"చెప్పవేరా మరి. ఉండు, టీ పెడతాను."

ఆ మోకాళ్ళ మీదే నిలబడి ఆవిడ టీ కాచింది. ఆయన తాగాడు. చెప్పాలనుకున్న మాట టీతోపాటే లోపలికి పోయింది.

రేపు చెబుదామనుకున్నాడు. రేపు వచ్చాక, ముందు లెక్క సరిచేసి బరువు తగ్గనిచ్చి, ఆపరేషన్ తేదీ చేతికొచ్చాక చెబితే అక్కకి బాధ తక్కువగా ఉంటుందనుకున్నాడు. అక్క బాధ సంగతే ఆలోచిస్తున్నానని తనకి తను చెప్పుకున్నాడు. భార్య ముందు ఏ మొహం పెట్టుకుని చెప్పాలన్నది ఆలోచించలేదన్నట్టు నటించాడు.

మర్నాటినుంచి అల్మరాకి సీలు లేదు. మ్యూస్లీ ముప్పై గ్రాములు తూచి పోశాడు. గిన్నె అడుగు కూడా సరిగ్గా కప్పలేదది. అక్క గిన్నెలోకీ, ఆయన మొహంలోకీ చూసింది.

"ఇంతేనా?"

"డాక్టరు తగ్గించమన్నాడు" అన్నాడు. నోటికొచ్చిన అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యమేసింది. ఇరవై ఆరేళ్ళు అబద్ధాలు పట్టుకున్నవాడు.

బిస్కెట్లు రెండు. సూపు పావు ప్యాకెట్, అందులో కూరముక్కలు వేసి. అక్క ఆకలికి ఓర్చుకుంది. సాయంత్రాలు గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగేది. ఆదివారం వచ్చేసరికి కాటా తొంభై రెండు కిందికి దిగింది. ఆపైన వారం తొంభై ఒకటి. నాలుగో వారానికి తొంభై.

"పోనీలెండి" అంది భార్య ఒకరోజు, గుసగుసగా. "మీరప్పుడు అలా గట్టిగా పట్టుకోబట్టే వదిన దారికొచ్చారు. నేను మిమ్మల్నే తప్పు పట్టాను, పొరపాటు నాదే."

ఆయన అన్నం కలుపుతూ కూర్చున్నాడు. కలుపుతూనే ఉన్నాడు.

అయిదో వారంలో, శనివారం సాయంత్రం, స్కూటరు వీధి చివర ఆపి కూరలు కొనుక్కుని నడిచి వస్తున్నాడు. టైలరమ్మ ఇంటి వరండాలోంచి అక్క గొంతు వినిపించింది. చాలా రోజుల తర్వాత అటు వెళ్ళిందన్నమాట. పక్కింటి గోడ దగ్గరే ఆగిపోయాడు.

"నిజం చెప్పవే. నేనెప్పుడైనా మీ ఇంట్లో ఏమైనా తిన్నానా?"

"ఎన్నిసార్లు అడుగుతారక్కయ్యా? తాగింది మంచినీళ్ళే."

"మరి అంతకుముందూ లెక్క ప్రకారమే తిన్నాను, తగ్గలేదు. నేను ఒప్పుకున్నాకే కదా బరువు తగ్గడం మొదలైంది! ఆ రోజు వాడి పోరు పడలేక తిన్నానన్నాను గానీ, ఇప్పుడనిపిస్తోంది, నిజంగానే తినేదాన్నేమో. ఎక్కడో, ఎప్పుడో. గుర్తుండట్లేదేమో. మా అమ్మకీ చివర్లో అంతే. అన్నం తిని అయిదు నిమిషాలు కాకుండానే, నాకు పెట్టలేదేం అనేది."

"ఊరుకోండి, మీకేమిటి."

"ఇదుగో, అందుకే రాసుకుంటున్నాను." కాగితం మడత విప్పిన చప్పుడు. "పదింటికి నీళ్ళు. ఒంటిగంటకి భోజనం. మూడింటికి నీళ్ళు. ఇందులో లేనిది తిన్నట్టు కనిపిస్తే చెప్పు. వచ్చే నెల డాక్టర్ని అడుగుతాను, మతిమరుపుకి మాత్రలేమైనా ఉన్నాయేమో. మా వాడికి చెప్పకు, కంగారు పడతాడు."

ఆయన కూరల సంచి గోడమీద పెట్టి, కాసేపు దాన్నే పట్టుకుని నిలబడ్డాడు.

ఆదివారం పొద్దున, బరువు చూడడానికి ముందే, అక్కనీ భార్యనీ భోజనాల బల్ల దగ్గర కూర్చోమన్నాడు. ఆకుపచ్చ డబ్బా, బిస్కెట్ ప్యాకెట్, సూపు ప్యాకెట్, పాత గిన్నె, చిన్న కాటా బల్ల మీద పెట్టాడు. గిన్నెలో పాతలెక్కన మ్యూస్లీ పోసి తూచాడు. చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు. మొత్తం చెప్పేదాకా తలెత్తలేదు.

"నువ్వేమీ తినలేదక్కా. నేను పెట్టిందే తిన్నావు. తప్పు లెక్క నాది."

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అక్క ముందుగా డబ్బా అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆ అక్షరాలు తనూ చదివింది. తర్వాత ఒక్కసారిగా నవ్వింది. ఎన్ని వారాలైందో ఆ నవ్వు విని.

"అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట! అమ్మాయ్, విన్నావా? నేనింకా రాత్రుళ్ళు నిద్రలో నడిచి తింటున్నానేమో అనుకుంటున్నా."

"అక్కా, నన్ను..."

"పోనీలేరా. ఈ అక్షరాలు చీమకి కూడా కనపడవు. ఎవరికైనా తప్పుతుంది." ఇంకా నవ్వుతూనే అడిగింది. "ఇంతకీ నీకెప్పుడు తెలిసింది? నిన్ననా?"

అవునంటే అక్కడితో అయిపోయేది. భార్యా నమ్మేది, అక్కా నమ్మేది. ఆయన ఆ మాట నాలుకదాకా తెచ్చుకున్నాడు.

"అయిదు వారాలైందక్కా."

అక్క నవ్వు ఉన్నపళంగా పోలేదు. మెల్లిగా, ఒక్కొక్క మెట్టే దిగింది.

"ఆ రోజు తలనొప్పని వచ్చావే, ఆ రోజా?"

"ఊఁ."

"సంచి తెచ్చి నీ ముందు పెట్టాను."

"ఊఁ."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "లెక్క తప్పావు, అది తప్పు కాదు. పరుపెత్తి చూశావు, నీ ఉద్యోగం అలాంటిది, అలవాటై చేశావనుకుంటాను. కానీ నాకు మతి పోతోందని నేను కాగితాలు రాసుకుంటుంటే, తెలిసి తెలిసి రోజూ నాకు గిన్నె అందించావు. ముప్పై గ్రాములు తూచి మరీ."

"నీకు చెప్పే ధైర్యం లేక..."

"నాకు చెప్పడానికి ధైర్యమెందుకురా?" నిజంగానే అర్థంకాక అడిగినట్టు అడిగింది.

డబ్బా పక్కకి జరిపి ఆవిడే, "ఎదురింటికి వెళ్ళి చెప్పు. నా చీరల్లో చెయ్యి పెట్టినప్పుడు అక్కడ ఉన్నది ఆవిడే" అంది.

ఆయన వెళ్ళాడు. టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక గౌనుకి అంచు మడుస్తోంది. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాడు. ఆవిడ విన్నంతసేపూ సూదులు తియ్యలేదు. విన్నాక ఒక్కొక్కటీ తీసి సూదులు గుచ్చే చిన్న దిండుకి గుచ్చింది.

"కబురు పంపారు కదా సారూ, అక్కయ్యని రానివ్వద్దని. నేను సగం నమ్మానండీ. నా కళ్ళముందు ఏమీ తినని మనిషిని, మీరు చెప్పారని సగం నమ్మాను." ఆవిడ కళ్ళు తుడుచుకుని, మెడలో వేలాడే టేపు తీసి ఆయన వైపు చాపింది. "ఇది పట్టుకెళ్ళండి. మీకు కొలతలు నేర్చుకోవలసిన అవసరం ఉంది."

ఆయన ఆ మాట పడ్డాడు. పడి, దణ్ణం పెట్టి వచ్చేశాడు. వచ్చేసరికి భార్య అక్క పక్కన కూర్చుని ఏడుస్తోంది, ఆ రోజు మాట అనబోయి ఎందుకు ఆపుకున్నానా అని. అక్కే ఆవిడని ఊరుకోబెడుతోంది.

ఆ తర్వాత అక్క తన తిండి తనే తూచుకోవడం మొదలుపెట్టింది. ప్యాకెట్లన్నీ తిప్పి చదివేది. మిల్లులో ముప్పై ఏళ్ళు తెగిన దారాలు వెతికి పట్టుకున్న మనిషే, రెండు రోజుల్లో పట్టేసింది. గ్రాములెన్ని, సర్వింగులెన్ని, దేన్ని దేంతో హెచ్చించాలో మరదలికి కూడా చెప్పేది. తమ్ముడితో పలకడం మానలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. తనంతట తను ఏదీ అడిగేది కాదు. రెండు నెలలకి కాటా ఎనభై అయిదు దగ్గర ఆగింది. డాక్టరు మెచ్చుకున్నాడు. "ఇప్పుడు నోరు కట్టుకున్నారన్నమాట" అన్నాడు.

"అది కాదండీ డాక్టరుగారూ," అన్నాడు తూకాలాయన, "అప్పుడు కూడా ఆవిడ ఏమీ తప్పు చెయ్యలేదు. నేనే లెక్క తప్పుగా చూశాను." గదిలో ఒక నర్సూ, ఇద్దరు రోగులూ ఉన్నారు. అందరికీ వినిపించేలాగే చెప్పాడు. అక్క కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆపరేషన్ రోజున ఫారం నింపుతూ నర్సు, "లోపల మీతో ఎవరుంటారమ్మా?" అని అడిగింది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"మా మరదలు ఉంటుంది" అంది అక్క.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. నాలుగు గంటలు ఆ వరండాలోనే కూర్చున్నాడు. మోకాళ్ళు బాగా కుదిరాయని భార్య వచ్చి చెప్పేదాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఇప్పుడావిడ కర్ర లేకుండా నడుస్తోంది. మెట్లు తిన్నగా దిగుతుంది. టైలరమ్మ ఇంటికి రోజుకి రెండుసార్లు వెళ్ళొస్తుంది. తమ్ముడితో కూడా మాటలు మళ్ళీ వచ్చాయి, "ఏరా, ఆలస్యమైందేం" అంటుంది, వాడి స్కూటరు మీద జోకులు వేస్తుంది. ఎవరైనా చూస్తే ఆ ఇంట్లో ఏదో జరిగిందనుకోరు. ఒక్కటే మిగిలింది. ఆవిడ వంటింట్లో నిలబడి పండో, రొట్టెముక్కో తింటున్నప్పుడు ఆయన అడుగుల చప్పుడైతే, చేతిలో ఉన్నది టక్కున పళ్ళెంలో పెట్టేసి చేతులు తుడుచుకుంటుంది. కావాలని చేసేది కాదది, చేసినట్టు ఆవిడకి తెలియను కూడా తెలియదు. ఆయనకి తెలుసు. అందుకే ఆయన ఇప్పుడు వీధి గుమ్మం దగ్గరే గట్టిగా దగ్గి, చెప్పులు విడవడానికి కావలసినంతకంటే కొంచెం ఎక్కువసేపు తీసుకుని, అప్పుడు లోపలికి వస్తాడు.